నా రిపోర్టులో 45 క్రోమోజోములే ఉన్నాయి, ఒకటి ఏమైంది?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. పెళ్ళయి నాలుగేళ్ళయింది. రెండుసార్లు గర్భం వచ్చింది, రెండుసార్లూ మూడో నెల నిండకముందే అబార్షన్ అయింది. రెండోసారి తర్వాత డాక్టరుగారు మా ఇద్దరికీ రక్తం తీసి క్రోమోజోముల పరీక్ష చేయించారు. మావారికి 46 ఉన్నాయి, నార్మల్ అని వచ్చింది. నా రిపోర్టులో మాత్రం '45, ఎక్స్ఎక్స్, డెర్(14;21)(క్యూ10;క్యూ10)' అని ఉంది. కింద 'బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ క్యారియర్' అని రాసి జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళమన్నారు. అపాయింట్‌మెంటుకి ఇంకా టైముంది. ఈలోపు టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. మనిషికి 46 ఉండాలని బళ్ళో చదువుకున్నాం కదా, నాకు ఒకటి ఎందుకు తక్కువైంది? తక్కువైతే ఇన్నేళ్ళూ ఏ జబ్బూ లేకుండా ఎలా ఉన్నాను? ముందుముందు ఏమైనా వస్తుందా? మందులతో సరిచేయొచ్చా? మాకు పిల్లలు పుడతారా, పుడితే ఆరోగ్యంగా ఉంటారా? ఇంట్లో ఎవరూ పైకి ఏమీ అనడం లేదు కానీ, లోపం నాదేనని అందరూ అనుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మా చెల్లెలు కూడా ఇప్పుడు పిల్లల కోసం చూస్తోంది. దానికి చెప్పాలా, వద్దా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ రిపోర్టుతో పాటు ఒక బొమ్మ ఇచ్చి ఉంటారు. నలుపు తెలుపు చారలున్న చిన్న చిన్న పోగులను జతలుగా వరసల్లో పేర్చి, కింద 1 నుంచి 22 దాకా నంబర్లు వేసి, ఆఖరున ఎక్స్ జత పెట్టి ఉంటుంది. దాన్ని ఒకసారి తీసి ముందు పెట్టుకోండి. 21వ నంబరు దగ్గర ఒక్క పోగే కనిపిస్తుంది. రెండోది ఎక్కడికి పోయిందని మీ గుండె గుభేలుమనేది అక్కడే. ఇప్పుడు 14వ నంబరు దగ్గరికి రండి. అక్కడ రెండున్నాయి, కానీ రెండూ ఒకలా లేవు. ఒకటి మామూలు 14. పక్కనున్నది దానికంటే పొడవుగా, పై భాగంలో అదనంగా ఒక ముక్క తగిలించినట్టు ఉంటుంది. మీరు వెతుకుతున్న రెండో 21 ఆ ముక్కే. అది ఎక్కడికీ పోలేదు. 14తో అతుక్కుని ఉంది.

రెండు సంపుటాల పుస్తకాన్ని ఒకే అట్టలో కలిపి కుట్టించారనుకోండి. అలమరలో లెక్కపెడితే ఒక పుస్తకం తగ్గుతుంది, చదవబోతే పేజీలన్నీ ఉంటాయి. మీ శరీరంలో జరిగింది అంతే. రిపోర్టులో 'బ్యాలెన్స్‌డ్' అన్నది అందుకే. జన్యువుల సరుకు తూకం తప్పలేదని ఆ మాటకు అర్థం. 45 అనే అంకె పై వరసలో కొట్టొచ్చినట్టు వేసి, అసలు ధైర్యం చెప్పాల్సిన ఈ మాటను వివరణ లేకుండా కింద పడేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఆ రిపోర్టు డాక్టరు కోసం రాసినదే కావచ్చు, కానీ ముందుగా చదివేది, చదివి భయపడేది మీలాంటివాళ్ళే.

ఇక ఆ వరసను ముక్కలుగా చదువుదాం. 45 అంటే కనిపించిన పోగుల సంఖ్య. ఎక్స్ఎక్స్ అంటే స్త్రీ. 'డెర్' అంటే అతుకు పడి తయారైన కొత్త పోగు. బ్రాకెట్లో 14, 21 అన్నవి అతుక్కున్న రెండింటి నంబర్లు. 'క్యూ' అంటే క్రోమోజోముకు ఉండే పొడుగు చెయ్యి, పొట్టి చేతిని 'పి' అంటారు. క్యూ10 అంటే రెండు చేతులూ కలిసే నడుము దగ్గరే అతుకు పడిందని. ఈ రకం అతుకును రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. 1916లో రాబర్ట్‌సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని మొదట మిడతల్లో చూసి రాశాడు. మనుషుల్లో ఇది వింతేమీ కాదు. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఏదో ఒక రాబర్ట్‌సోనియన్ అతుకు ఉంటుంది. వాళ్ళలో చాలామందికి ఆ సంగతి జీవితమంతా తెలియనే తెలియదు, ఎందుకంటే తెలియాల్సిన అవసరమే రాదు.

మరి అతుకు పడేటప్పుడు ఏదీ పోలేదా అంటే, పోయింది. 14కీ 21కీ ఉన్న పొట్టి చేతులు రెండూ పోయాయి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మనిషి క్రోమోజోముల్లో 13, 14, 15, 21, 22 అనే ఐదింటికి నడుము దాదాపు ఒక కొనలో ఉంటుంది. వాటి పొట్టి చేతులు నిజంగానే మరీ పొట్టివి. వాటిలో ముఖ్యంగా ఉండేవి రైబోజోమ్‌ల (కణంలో ప్రోటీన్లు తయారుచేసే చిన్న యంత్రాల) తయారీకి కావలసిన ఒకే రకం జన్యువుల నకళ్ళు, వందల సంఖ్యలో. అవే నకళ్ళు ఈ ఐదు జతల్లోనూ, అంటే మొత్తం పది పోగుల్లోనూ ఉంటాయి. రెండు పోయినా ఎనిమిది మిగిలాయి. కణానికి అవి సరిపోతాయి. పొడుగు చేతుల్లో ఉన్న అసలైన జన్యువులు, 14వి 14వే, 21వి 21వే, మీలో పూర్తిగా రెండేసి నకళ్ళు ఉన్నాయి. అందుకే ఇన్నేళ్ళూ మీరు ఆరోగ్యంగా ఉన్నారు. ఈ అతుకు వల్ల ముందుముందు మీకు కొత్తగా వచ్చే జబ్బంటూ కూడా ఏదీ లేదు.

46 అనే అంకె మీద మనకున్న భక్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1920ల్లో థియోఫిలస్ పెయింటర్ అనే శాస్త్రవేత్త మైక్రోస్కోపులో లెక్కపెట్టి మనిషికి 48 అన్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో 48 అనే చదువుకుంది. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జావాలో పుట్టిన జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి పనిచేస్తూ, కణాలను కొత్త పద్ధతిలో పరిచి చూస్తే 46 తేలాయి. 1956లో అది అచ్చయింది. అంటే సరైన లెక్క తెలియకుండానే ఎన్నో తరాలు హాయిగా పుట్టి పెరిగాయి. పోనీ ఇప్పుడైనా శరీరంలో ప్రతి కణంలోనూ 46 ఉంటాయా అంటే, అదీ లేదు. శరీరంలో లెక్కకు అన్నిటికంటే ఎక్కువుండేవి ఎర్ర రక్తకణాలు, రక్తంలోకి వచ్చిన వాటిలో ఒక్క క్రోమోజోము కూడా ఉండదు, తయారయ్యేటప్పుడే కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తాయి. కాలేయంలో కొన్ని కణాల్లో 92 ఉంటాయి. అండంలో, వీర్యకణంలో 23. ఇవన్నీ మామూలు ఆరోగ్యవంతుల సంగతులే.

ఇంకొకటి నాకు ఎంతో ఇష్టమైన విషయం. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకు 48 క్రోమోజోములు. మనకు రెండు తక్కువ. కారణం వెతికితే, మన పూర్వీకుల్లో రెండు వేర్వేరు క్రోమోజోములు ఎప్పుడో కొనలు కలిసి ఒకటై మన 2వ క్రోమోజోముగా నిలిచిపోయాయని తేలింది. ఆ అతుకు ఆనవాలు ఈరోజుకీ 2వ క్రోమోజోము మధ్యలో కనిపిస్తుంది. అది మీ అతుకు రకం కాకపోయినా, అతుకు పడిన క్రోమోజోముతో బతకడం మనిషి జాతికి కొత్త కాదు. ఈ ఉత్తరం చదువుతున్న అందరిలోనూ అలాంటిది ఒకటుంది.

మీ పరీక్ష ఎలా చేశారో తెలిస్తే, పొరపాటు పడ్డారేమో, మళ్ళీ చేయించాలా అనే అనుమానం కూడా తగ్గుతుంది. రక్తంలోని తెల్లకణాలను దాదాపు మూడు రోజులు పోషక ద్రవంలో పెంచుతారు, విభజన మొదలయ్యేలా చేస్తారు. క్రోమోజోములు ముడుచుకుని స్పష్టంగా కనిపించేది కణం విభజనలో ఉన్న ఆ కొద్దిసేపే. సరిగ్గా అక్కడ ఒక మందుతో ఆపేస్తారు. పలుచని ఉప్పు ద్రావణం పోస్తే కణం నీరు పీల్చి ఉబ్బుతుంది, లోపలి పోగులు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివడతాయి. స్లైడు మీద చుక్కగా వదిలి, ఆరబెట్టి, రంగు పట్టిస్తే చారలు తేలతాయి. మామూలుగా 20 కణాలను విడివిడిగా చూస్తారు. ఒక కణంలో లెక్క తప్పవచ్చు కానీ అన్నిటిలోనూ అదే అతుకు, అదే చోట కనిపిస్తే అది నిజంగా ఉన్నట్టే. రిపోర్టులో ఎన్ని కణాలు చూశారో రాసి ఉంటుంది. ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు, నెలనెలా మారేది కాదు.

మారనిది కాబట్టే మందులతో సరిచేయడం కుదరదు. ఈ అతుకు మీరు ఒకే ఒక్క కణంగా ఉన్నప్పటి నుంచీ ఉంది, ఆ కణం నుంచి పుట్టిన ప్రతి కణంలోకీ నకలు వచ్చింది. క్రోమోజోముల లోపాన్ని సరిచేస్తామని ఎవరైనా మందులో, పొడులో, కోర్సులో అమ్మబోతే డబ్బు దండగ చేసుకోకండి. గర్భం కోసం ప్రయత్నించే ఆడవాళ్ళందరికీ చెప్పే ఫోలిక్ యాసిడ్ మీరూ వేసుకోండి, అది బిడ్డ వెన్నుపాము కోసం. మీ అతుకుకీ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు చిక్కున్న చోటికి వద్దాం. శరీరానికి లేని ఇబ్బంది అండానికి ఎందుకు వస్తుంది?

చర్మమో, కండరమో పెరిగేటప్పుడు జరిగే విభజనలో ప్రతి క్రోమోజోమూ తన నకలు తాను తీసుకుని రెండుగా విడిపోతుంది. దానికి జతతో పనిలేదు, కాబట్టి అతుకున్న పోగు కూడా ఏ అడ్డూ లేకుండా విడిపోతుంది. అండం తయారయ్యే విభజన వేరు. అక్కడ 46ను 23కు తగ్గించాలి. అందుకోసం ప్రతి క్రోమోజోమూ ముందు తన జతను వెతుక్కుని దాన్ని ఆనుకుని, తర్వాత చెరో వైపుకు విడిపోవాలి. మీలో 14, 21, వాటి అతుకు పోగు, ఈ మూడూ ఒకే గుంపుగా చేరతాయి. ఇద్దరు విడిపోవాల్సిన చోట ముగ్గురున్నారు. ఎవరు ఎటు వెళతారన్నదాని మీద అండం ఎలా ఉంటుందో ఆధారపడుతుంది.

మంచి విడిపోవడం అంటే అతుకు పోగు ఒకవైపుకు, మామూలు 14, 21 రెండూ కలిసి మరోవైపుకు వెళ్ళడం. ఎక్కువసార్లు జరిగేది ఇదే. మామూలు 14, 21 ఉన్న అండం ఫలిస్తే బిడ్డకు 46, ఏ అతుకూ ఉండదు. అతుకు పోగు ఒక్కటే ఉన్న అండం ఫలిస్తే బిడ్డకు మీలాగే 45, మీలాగే ఆరోగ్యం.

తూకం తప్పే దారులు మిగతావి. 14 అదనంగా వచ్చినా, 14 లేకపోయినా, 21 లేకపోయినా ఆ పిండం ఎదగలేదు, తొలి వారాల్లోనే పోతుంది. కొన్నిసార్లు నెల తప్పిన సంగతి కూడా తెలియకముందే పోతుంది. ఆరోదారి ఒకటుంది. అతుకు పోగుతో పాటు మామూలు 21 కూడా అదే అండంలోకి వస్తే, తండ్రి నుంచి వచ్చే 21తో కలిపి బిడ్డలో 21వ క్రోమోజోము సరుకు మూడు నకళ్ళవుతుంది. అది డౌన్ సిండ్రోమ్, అంటే పిల్లల ఎదుగుదల, చదువు నిదానంగా సాగే పరిస్థితి. 21 మన క్రోమోజోములన్నిటిలోకీ చిన్నది, దాని మీద జన్యువులు తక్కువ, కాబట్టే అదనంగా ఉన్నా ఎదిగి పుట్టే వీలుంటుంది.

ఇక్కడ ఒక లెక్క చేసి చూడండి. ఆ బిడ్డ క్రోమోజోములు ఎన్ని? మామూలు 14 ఒకటి, అతుకు పోగు ఒకటి, మామూలు 21లు రెండు, మిగతావి యథాప్రకారం 42. మొత్తం 46. అంటే డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆ బిడ్డకు 46, ఏ జబ్బూ లేని మీకు 45. 1960లోనే ఇలాంటి అమ్మాయి గురించి వైద్య పత్రికలో రాశారు. అంతకు ముందు ఏడాదే డౌన్ సిండ్రోమ్‌లో 47 క్రోమోజోములుంటాయని తేలింది, ఈ అమ్మాయికి 46 ఉండటం చూసి అప్పట్లో ఆశ్చర్యపోయారు. 45 అన్న అంకె చూసుకుని నిద్ర మానుకుంటున్నారు కదా, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. సంఖ్య ఒక్కటే మనిషి ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదు, సరుకు తూకం చెబుతుంది.

మీరు అడగకపోయినా మీ ఉత్తరంలో దాగి ఉన్న ప్రశ్న ఒకటుంది: నేనేం చేశానని ఇలా అయింది? ఏమీ చేయలేదు. అతుకు మీ అమ్మగారి నుంచో నాన్నగారి నుంచో వచ్చి ఉండొచ్చు, లేదా మిమ్మల్ని పుట్టించిన అండంలోనో వీర్యకణంలోనో కొత్తగా పడి ఉండొచ్చు. పైగా, స్త్రీ అండాలన్నీ ఆమె ఇంకా తన తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. క్రోమోజోములు జతలు కట్టే ఘట్టం అప్పుడే అయిపోతుంది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ అండాలు అలాగే ఆగి ఉండి, ఒక్కొక్కటి విడుదలయ్యే నెలలో మాత్రమే విడిపోవడం పూర్తిచేస్తాయి. మీరు బరువులెత్తడం, ప్రయాణాలు చేయడం, ఉద్యోగానికి వెళ్ళడం, కోపం తెచ్చుకోవడం, ఇవేవీ 14ను ఒక వైపుకీ 21ని మరో వైపుకీ తోయలేవు. ఇంట్లోవాళ్ళకు ఈ పేరా చదివి వినిపించండి. ఇదే అతుకు మీవారికి ఉండి ఉంటే, ఆయన్ని 'లోపం ఉన్న మనిషి' అని మీరు అనుకునేవారా?

ఇక అంకెలు. 14, 21 అతుకు తల్లిలో ఉన్నప్పుడు, గర్భం నాలుగో ఐదో నెల దాకా నిలిస్తే, ఆ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం సుమారు 10 నుంచి 15 శాతం. అదే అతుకు తండ్రిలో ఉంటే 1 శాతం లేదా అంతకంటే తక్కువ. తూకం తప్పిన వీర్యకణాలు పోటీలో వెనకపడతాయేమోనని ఒక వివరణ ఉంది. మీ విషయంలో 10–15 శాతాన్ని చిన్నదని చెప్పను, అది నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సిన అంకె. కానీ దాన్ని రెండోవైపు నుంచి కూడా చదవాలి. నిలిచిన గర్భాల్లో 85 నుంచి 90 శాతం డౌన్ సిండ్రోమ్ లేనివే. వాటిలో దాదాపు సగం మీలాగా 45తో, సగం మామూలు 46తో. అబార్షన్ల సంఖ్య మిగతావాళ్ళకంటే ఎక్కువుండొచ్చు, అయినా ఇలాంటి అతుకున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది చివరికి ఆరోగ్యమైన బిడ్డను ఎత్తుకుంటారు.

మీ ముందు ఉన్న దారుల్లో మొదటిది, మామూలుగానే గర్భం కోసం ప్రయత్నించి, నిలిచాక పరీక్ష చేయించుకోవడం. 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీస్తారు, దాన్ని సీవీఎస్ అంటారు. లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీస్తారు, అది ఆమ్నియోసెంటిసిస్. రెండింటిలోనూ బిడ్డ క్రోమోజోములు నేరుగా తెలుస్తాయి. వీటి వల్ల గర్భం పోతుందనే భయం చాలామందికి ఉంటుంది. అనుభవమున్న చేతుల్లో ఆ ప్రమాదం 200 మందిలో ఒకరికంటే తక్కువ. తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ అనే పరీక్ష కూడా ఉంది, 10 వారాల తర్వాత చేస్తారు. సూది కడుపులోకి వెళ్ళదు కాబట్టి తేలిక. కానీ అది అనుమానం చెప్పే పరీక్షే, నిర్ధారణ కాదు. మీకు అతుకు ఉందని ముందే తెలుసు కాబట్టి ఏది సరిపోతుందో కౌన్సెలరుతో మాట్లాడండి. ల్యాబ్‌కు పంపే ఫారం మీద మీ అతుకు వివరం తప్పకుండా రాయించండి. బిడ్డకు 45 అని రిపోర్టు వస్తే, తల్లి సంగతి తెలియని ల్యాబ్ కంగారు పెట్టే ప్రమాదముంది. 14వ క్రోమోజోము రెండు నకళ్ళూ ఒక్క తల్లి నుంచో, ఒక్క తండ్రి నుంచో వచ్చే పరిస్థితి అరుదుగా ఉంటుంది, దాని పరీక్ష కూడా అవసరమా అని ఆ రోజే అడగండి.

రెండో దారి ఐవీఎఫ్. పిండాలను బయట ఐదారు రోజులు పెంచి, ఒక్కోదాని పై పొర నుంచి కొన్ని కణాలు తీసి, తూకం సరిగ్గా ఉన్న పిండాన్నే గర్భంలో పెడతారు. గర్భం మధ్యలో నిర్ణయం తీసుకోవాల్సిన బాధను, మళ్ళీమళ్ళీ అబార్షన్లను ఇది తగ్గిస్తుంది. మరీ ఇష్టమైతే, స్తోమత ఉంటే, మంచిదే. కానీ మీలాంటి అతుకున్నవాళ్ళకు ఇదొక్కటే మార్గమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మామూలుగా ప్రయత్నించినవాళ్ళకంటే ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళకు చివరికి బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువని గట్టిగా రుజువు కాలేదు. మీకు 29 ఏళ్ళు, గర్భం రావడంలో ఇబ్బంది లేదు. నిదానంగా ఆలోచించుకునే వ్యవధి మీకుంది.

పరీక్షలో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని తేలితే ఏం చేయాలన్నది మీరిద్దరే తేల్చుకోవాల్సిన విషయం, ఆ నిర్ణయం నేను గానీ మీ డాక్టరు గానీ మీ తరఫున తీసుకోకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు నడుస్తారు, మాట్లాడతారు, బడికి వెళతారు, ఇంట్లో వాళ్ళకంటూ చోటు ఉంటుంది. కొందరికి గుండె ఆపరేషన్లు కావాలి, చదువు నిదానంగా సాగుతుంది. ఆ పిల్లల్ని పెంచుతున్న ఒకరిద్దరు తల్లిదండ్రులతో మాట్లాడి, అప్పుడు ఒక అభిప్రాయానికి రండి. గర్భం రాకముందే ఈ మాటలు మీ ఇద్దరి మధ్య అయిపోతే, తర్వాత వారం రోజుల్లో నిర్ణయం చెప్పమన్నప్పుడు కొట్టుకుపోరు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మీకు పోయిన రెండు గర్భాలకూ ఈ అతుకే కారణమని రిపోర్టు ఎక్కడా చెప్పలేదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం క్రోమోజోముల తూకం తప్పినవే. వాటిలో చాలావరకు భార్యాభర్తలిద్దరికీ 46 ఉన్న జంటల్లోనే, కేవలం ఆ నెల విడిపోవడం సరిగ్గా జరగక అయ్యేవి. పోయిన గర్భం నుంచి తీసిన పదార్థాన్ని పరీక్షకు పంపి ఉంటేనే ఖాయంగా తెలుస్తుంది. పంపారేమో కనుక్కోండి. అతుకు దొరికింది కదా అని మిగతా వెతుకులాట ఆపేయకూడదు. థైరాయిడ్, షుగర్, గర్భాశయం ఆకారం, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, ఇవన్నీ చూశారా? వీటిలో కొన్నింటికి మంచి వైద్యం ఉంది. అతుకుకు వైద్యం లేకపోయినా, పక్కన దాగున్న మరో కారణానికి ఉండొచ్చు. మీ డాక్టరుగారిని ఈ ప్రశ్న మొహమాటపడకుండా అడగండి.

చెల్లెలి సంగతి. తప్పకుండా చెప్పండి, ఆలస్యం చేయకండి. అతుకు మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటే, మీ చెల్లెలికీ ఉండే అవకాశం దాదాపు సగం. వీలైతే ముందు అమ్మానాన్నల రక్తం పరీక్ష చేయించండి. ఇద్దరికీ లేదని తేలితే మీలో కొత్తగా పడిందని అర్థం, మీ చెల్లెలి దిగులు దాదాపు తీరిపోతుంది. వాళ్ళకు కుదరకపోతే చెల్లెలే నేరుగా చేయించుకోవచ్చు. ఉందని తేలినా ఆమె నష్టపోయేదేమీ లేదు, మీకు రెండు అబార్షన్ల తర్వాత తెలిసింది ఆమెకు ముందే తెలుస్తుంది. అయితే చెప్పాల్సింది ఆమెకు. ఆమె అత్తింటివాళ్ళకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆమె ఇష్టం. మీ రిపోర్టు ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టకండి, ఎవరినీ పెట్టనివ్వకండి. తమ్ముడో అన్నో ఉంటే వాళ్ళకీ చెప్పాలి. మగవాళ్ళలో ఈ అతుకు కొందరికి వీర్యకణాల సంఖ్యను తగ్గిస్తుంది.

అపాయింట్‌మెంటుకి మీవారిని తప్పకుండా వెంటబెట్టుకుని వెళ్ళండి. మీ ఇద్దరి రిపోర్టులూ, ఆ బొమ్మ ఉన్న కాగితంతో సహా, పాత స్కానింగులు, ఏ వారంలో గర్భం పోయిందో రాసిన కాగితాలు అన్నీ పట్టుకెళ్ళండి. రెండువైపులా కుటుంబాల్లో అబార్షన్లు, పుట్టిన వెంటనే పోయిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో పెద్దవాళ్ళను అడిగి రాసుకుంటే కౌన్సెలరుకు చాలా పనికొస్తుంది. ఈలోపు గర్భం రాకుండా జాగ్రత్తపడాల్సిన అవసరమేమీ లేదు. ఒకవేళ నెల తప్పితే అపాయింట్‌మెంటు తేదీ దాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చేసి అతుకు ఉందని చెప్పి తేదీ ముందుకు జరపమనండి. 11వ వారం పరీక్షకు ఏర్పాట్లు చేసుకోవడానికి ఆ రోజులు కావాలి.